గాలికుంచెయు కొండగాలియు

ఒక ఆషాఢమాసపు సాయంకాలమున మా విద్యార్థి ఒకడు తాను కట్టిన ప్లాస్టిక్ విమానమును తెచ్చి నా బల్లమీద పెట్టి మాటాడక నిలుచున్నాడు. విశాఖపట్నము సముద్రతీరమున 2017 డిసెంబరునుండి మ్యూజియముగా నిలిచియున్న టి.యు.-142 నౌకాదళ విమానమునకు అది 144వ వంతు నమూనా. అసలు విమానపు రెక్కలు ఒక కొననుండి మరియొక కొనకు 50 మీటర్లు. నమూనాలో అవి 35 సెంటీమీటర్లకు లోపే. రెండు వారములు శ్రమించి ముక్కలను అతికి, సందులు పూడ్చి, గరుకైన చోట్లను నూరి, ఆ మధ్యాహ్నమే అతడు దానికి లాకర్ రంగును గాలికుంచెతో చల్లినాడు. రంగుసీసామీద వ్రాసినదంతయు తు.చ. తప్పక చేసినాడు. అయినను వెండివన్నెతో నిగనిగలాడవలసిన రెక్కలు, ఆవిరి పట్టిన అద్దమువలె తెల్లబారిపోయినవి.

"రంగుది తప్పాండీ మేష్టారూ, మిషనుది తప్పాండీ?" అని అడిగినాడు.

"రెండింటిదీ కాదు నాయనా, గాలిది" అన్నాను.

అతనికి ఆనాడు చెప్పిన సమాధానమునే ఇక్కడ కొంత విస్తరించి వ్రాయుచున్నాను. బొమ్మలకు రంగువేయుట పిల్లల ఆటగా కనిపించును గాని, దానిలో ద్రవముల ధర్మములు, వాయుపీడనము, ఆర్ద్రత, బాష్పీభవనము అన్నియు ఇమిడియున్నవి. పాఠ్యపుస్తకములో వేరువేరు అధ్యాయములలో చదివిన సంగతులు ఇచ్చట ఒక్క వ్రేలి నొక్కులో కలిసి పనిచేయును.

కుంచె ఉండగా గాలికుంచె ఏల?

మామూలు కుంచెతో పూసిన రంగుపొర మందము ఒక మిల్లీమీటరులో పదవ వంతు అనుకొందము. కంటికి అది ఎంతో పలుచన. కాని 144వ వంతు నమూనామీద ఆ పొర, అసలు విమానముమీద 14 మిల్లీమీటర్లకు పైబడిన పొరతో సమానము. అనగా విమానమునకు అరంగుళము మందమున గచ్చు చేసినట్లే! రేకుల అతుకులు, మరల తలలు, తలుపుల గీతలు అన్నియు ఆ గచ్చులో పూడిపోవును. దీనికి తోడు కుంచె వెండ్రుకల చారలొకటి. అదే రంగును సూక్ష్మబిందువులుగా చల్లి 0.02 మిల్లీమీటర్ల పొరగా పరచినచో, అసలు కొలతలో అది 3 మిల్లీమీటర్లకు మించదు. గీతలు గీతలుగానే నిలుచును. చిన్న వస్తువునకు పలుచని పొర కావలెను. పలుచని పొరకు చల్లుడు కావలెను. గాలికుంచె అవసరమంతయు ఈ ఒక్క లెక్కలో నున్నది.

కుంచె లేకుండ నునుపైన రంగుపొర వేయు విద్య మన ప్రాంతమునకు క్రొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక గ్రామమున అంకుడు కర్రను తరిణెమీద త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనించెదరు. రాపిడి వేడికి లక్క కరిగి, కర్రమీద సమానముగా పరచుకొనును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే తరిణెమీద గుండ్రని వస్తువునకు మాత్రమే ఆ పద్ధతి చెల్లును. రెక్కలు, తోక, చక్రములు గల వస్తువును త్రిప్పలేము. పైగా ప్లాస్టిక్కు వేడికి ఓర్వదు. కనుక వస్తువును కదపక, రంగునే గాలిలో ఎగురవేసి దానిమీద వాలునట్లు చేయవలెను.

ఆ ఉపాయమునకు మూలము మనిషి నోరే. ఇండోనేషియాలోని సులవేసి ద్వీపపు గుహలలో ఆదిమానవులు గోడకు అరచేయి ఆనించి, దానిచుట్టును రంగును ఊది చల్లిన ముద్రలు ఉన్నవి. అందొకటి కనీసము 39,900 సంవత్సరముల నాటిదని 2014లో ప్రచురితమైన పరిశోధన తేల్చినది. అమెరికాలో 1876లో ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ రంగుచల్లు పరికరమునకు పేటెంటు పొందెను. తరువాత ఆవిరి మోటారుకార్లకు ప్రసిద్ధికెక్కిన స్టాన్లీ ఇతడే. కొద్దికాలమునకు ఎబ్నర్ పీలర్ అనునతడు చేతిపంపుతో ఎడతెగక గాలినందుకొను పరికరమును చేసెను. చార్లెస్ బర్డిక్ రూపొందించిన, నేటి గాలికుంచెలకు మాతృకయైన పరికరము 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనమున కనిపించినది. ప్లాస్టిక్ నమూనా పెట్టెలు 1936లో ఇంగ్లండులో మొదలైనవి. వేరువేరుగా పుట్టిన ఈ రెండు వస్తువులును పిమ్మట ఒక బల్లమీద కలిసికొన్నవి.

పరికరములోపల జరుగు పని

పొలములో వీపున తగిలించుకొని మందు కొట్టు పిచికారిని మనమందరము ఎరుగుదుము. అందులో ద్రవమునే ఒత్తిడిచేసి సన్నని రంధ్రమునుండి వెలికి నెట్టెదము. గాలికుంచెలో అట్లు కాదు. ఇక్కడ ఒత్తిడి గాలిపైన. రంగు దానివెంట వచ్చును.

గాలికుంచె లావుపాటి కలమంత ఉండును. దాని కొనయందు సన్నని నాజిల్, నాజిల్ నడుమ పొడుగాటి సూది, నాజిల్ చుట్టును గాలి వెలువడు వలయమువంటి సందు ఉండును. సంపీడితమైన గాలి ఆ సందునుండి అతివేగముగా దూసికొనివచ్చుటచే నాజిల్ మూతివద్ద పీడనము తగ్గును. గిన్నెలోని రంగుమీద మాత్రము వాతావరణ పీడనము యథాతథముగా నుండును. ఈ పీడనభేదమే రంగును ముందుకు త్రోయును. వెలికివచ్చిన రంగుధారను గాలి పట్టి లాగి, పోగులుగా చేసి, పోగులను తునకలుగా త్రెంచును. తలతన్యతవలన ప్రతి తునకయు గుండ్రని బిందువగును. గాలివేగము హెచ్చినకొలది బిందువులు చిన్నవగును. రంగు చిక్కనైనకొలది పెద్దవగును. పనివాని నేర్పు అంతయు ఈ రెండింటికి పొందిక కూర్చుటలోనే యున్నది.

గాలికుంచెలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగలో మీట నొక్కిన గాలియు రంగును ఒకేసారి వచ్చును. రంగు పరిమాణమును ముందుగానే మరత్రిప్పి నిర్ణయించుకొనవలెను. దీనిని ఏకక్రియ గాలికుంచె అందము. రెండవది ద్విక్రియ. మీటను క్రిందికి నొక్కిన గాలి వచ్చును. వెనుకకు లాగిన సూది వెనుకకు జరిగి రంగు వచ్చును. ఎంత లాగిన అంత రంగు. సైకిలు నేర్చుకొన్నట్లు దీనికి కొన్ని దినముల అభ్యాసము కావలెను. అలవడిన తరువాత ఒకే పరికరముతో దారమంత గీతయు, అరచేయంత మరకయు తీయవచ్చును.

రంగుగిన్నె పైన ఉన్న పరికరములో రంగు తన బరువుచేతనే క్రిందికి దిగును గనుక తక్కువ పీడనము చాలును. కొద్ది రంగుతో పని జరుగును. సీసా క్రింద తగిలించు పరికరములో రంగును పైకి పీల్చవలెను గనుక ఎక్కువ పీడనము కావలెను. పెద్ద వస్తువులకు అది మేలు. నాజిల్ రంధ్రము 0.2 మిల్లీమీటర్లనుండి 0.5 మిల్లీమీటర్లవరకు దొరకును. 0.2 సన్నపనికి మంచిదే గాని మాటిమాటికి పూడుకొనును. ఒక్కటే కొనగలవారు పైగిన్నెగల ద్విక్రియ పరికరమును, 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో కొనుట ఉత్తమము.

బిందువుల లెక్క

ఒక మిల్లీలీటరు రంగు, అనగా టీచెంచాలో అయిదవ వంతు, ఒకే బిందువుగా ఉన్నదనుకొనుడు. దాని ఉపరితలము అయిదు చదరపు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. అదే రంగును ఒక్కొక్కటి 20 మైక్రానుల వ్యాసముగల బిందువులుగా త్రెంచినచో, సుమారు 24 కోట్ల బిందువులగును. వాటి ఉపరితలములన్నియు కలిపిన 3,000 చదరపు సెంటీమీటర్లు. అనగా రంగు గాలికి తగులు వైశాల్యము 600 రెట్లు పెరిగినది. వంజంగి కొండమీదినుండి తెల్లవారుజామున చూచు మేఘసముద్రముకూడ ఇట్టి సూక్ష్మబిందువుల సముదాయమే. ఎండ తగులగానే అంత మేఘమును చూచుచుండగా కరగిపోవుటకు కారణము ఈ వైశాల్యమే.

రంగుబిందువుల గతియు అదే. నాజిల్ విడిచినది మొదలు నమూనాను చేరులోపల వాటిలోని థిన్నరు ఆవిరియగుచునే యుండును. చాల దూరమునుండి చల్లిన, బిందువులు దారిలోనే ఎండి, వస్తువుమీద పొడివలె పడి, చేతికి గరుకుగా తగులును. మరీ దగ్గరనుండి చల్లిన, తడి ఎక్కువై రంగు కాళ్లువేసి కారును. బిందువు తడిగా చేరవలెను. చేరి, పొరుగు బిందువుతో కలిసి చదునై, కారకమునుపే ఆరవలెను. సామాన్యముగా అయిదునుండి పదిహేను సెంటీమీటర్ల దూరము దీనికి తగియుండును. వస్తువు అంచుకు ముందే చల్లుట ఆరంభించి, ఆవలి అంచు దాటిన తరువాత ఆపవలెను. చేయి ఒకచోట నిలిచిన అక్కడ గుంటకట్టును.

ఒక్కసారిగా నిండుగా చల్లవలెనను తొందర క్రొత్తవారి మొదటి దోషము. బొర్రా గుహలలో పైకప్పునుండి జారు సున్నపునీటి బొట్టు ఒక్కొక్కటి కంటికి కనబడనంత పలుచని పొరను విడిచిపోవుటచే ఆ రాతిస్తంభములు పెరిగినవి. ఆ ఓర్పులో వేయవ వంతైనను మనకుండవలెను. మొదటిపొర లీలగా, ప్లాస్టిక్ అగుపించుచుండగనే ఆపి, అది ఆరిన పిమ్మట రెండవది, మూడవది వేయవలెను.

రంగులు, థిన్నర్లు

నమూనాలకు వాడు రంగులు మూడు విధములు. ఎనామెల్ రంగులు మెల్లగా ఆరి గట్టిపొరనిచ్చును. ఎక్రిలిక్ రంగులలో చాలవరకు నీరు ముఖ్యము. వాసన తక్కువ, కడుగుట సులువు, కాని సూదిమొనమీద ఎండి పూడుకొనును. లాకర్ రంగులు క్షణములో ఆరి, అతిపలుచని పొరనిచ్చును. కాని వాటి ద్రావణులు ఘాటైనవి. ఏ రంగునకు ఆ రంగు థిన్నరే వాడవలెను.

నమూనాల ప్లాస్టిక్ సామాన్యముగా పాలీస్టైరీన్. నూరు డిగ్రీల దరిదాపున మెత్తబడును. ఎసిటోన్ దానిని కరగించును. బజారులో ఇనుప తలుపులకు, చెక్కసామానులకు అమ్ము ఘాటైన థిన్నరు దాని ముఖమును తినివేయును. కనుక రంగును, థిన్నరును మొదట ఒక ప్లాస్టిక్ చెంచామీద పరీక్షించి కాని నమూనా జోలికి పోరాదు.

రంగు ఎంత పలుచనగా ఉండవలెను? సీసాలోని రంగు చోడిఅంబలివలె ఉండును. దానిని పాలంత పలుచన చేయవలెను. గిన్నె అంచునకు పుల్లతో రాచిన, పాలు జారినట్లు జారి వెనుక లీలగా పొర మిగుల్చవలెను. నీళ్లవలె జారిపోయిన మరీ పలుచన. జారక నిలిచిన చిక్కన. రంగునకు సమానముగా థిన్నరు కలిపి ఆరంభించి, చెంచామీద చూచుచు సవరించుకొనుట మంచి పద్ధతి. సీసాలో ఎండిన పొరలు, నలుసులు ఉన్నచో సన్నని వస్త్రముతో వడగట్టవలెను.

రంగునకు ముందు చేయవలసిన పని మరియొకటి కలదు. అచ్చునుండి ప్లాస్టిక్ ముక్కలు ఊడివచ్చుటకు కర్మాగారములలో జిడ్డు వాడుదురు. మన వ్రేళ్ల జిడ్డు దానికి తోడగును. గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని బ్రష్‌తో కడిగి ఆరనిచ్చి, మొదట ప్రైమరు చల్లవలెను. ప్రైమరు పైరంగునకు పట్టునిచ్చుటయే గాక, అతుకులలోని దోషములను బయటపెట్టును. గోడకు ఎర్రమట్టి పూయుటకు ముందు మన కొండగ్రామముల స్త్రీలు గోడ నెర్రెలు పూడ్చి అలికి ఆరబెట్టుదురు గదా, ఇదియు అంతే.

గాలినిచ్చు యంత్రము

గాలికుంచె ఎంత ఖరీదుదైనను దానికందు గాలి నిలకడలేనిదైన పని చెడును. చిన్న కంప్రెసర్లలో ముషలకము పైకి క్రిందికి ఆడి గాలిని అణచును. తొట్టిలేని కంప్రెసరు గాలిని గుండె కొట్టుకొన్నట్లు అదరుగా ఇచ్చును; ఆ అదరు రంగుగీతలోను కనబడును. తొట్టియున్నచో గాలి అందులో నిలువచేరి సమముగా వచ్చును. నడుమ కరెంటు పోయినను చేతిలోని పొర ముగించుటకు తొట్టిలోని గాలి చాలును.

తొట్టి తరువాత పీడనమును తగ్గించి స్థిరపరచు రెగ్యులేటరు, పీడనము చూపు గేజి, నీటిని పట్టు జలగ్రాహి, పిదప రబ్బరుగొట్టము వరుసగా ఉండవలెను. ఎక్రిలిక్, ఎనామెల్ రంగులకు ఒక బార్ మొదలు ఒకటిన్నర బార్ వరకు, అనగా చదరపు అంగుళమునకు 15 మొదలు 22 పౌనుల వరకు పీడనము సరిపోవును. సన్నగీతలకు ఇంకను తగ్గించి, రంగును మరికొంత పలుచన చేయవలెను.

కంప్రెసరు కొనలేనివారు వెనుకటి రోజులలో మోటారు చక్రపు ట్యూబులో గాలి నింపి వాడుకొనెడివారు. అది కొద్దిసేపే వచ్చును, పీడనము తగ్గుచుపోవును. అయినను అభ్యాసమునకు పనికివచ్చును. నీటి ప్లాస్టిక్ గొట్టములు, పాత సీసాలు, తుప్పుపట్టిన డబ్బాలు మూసి వాటిలో గాలి నింపు సాహసము మాత్రము ఎన్నడును చేయరాదు. అవి పగిలినచో తునకలు తూటాలవలె ఎగురును.

కొండగాలిలోని నీరు

ఇప్పుడు తెల్లబారిన రెక్కల సంగతికి వత్తము. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి వాతావరణ పీడనము విశాఖ తీరమునకంటె ఇంచుమించు పదింట ఒక వంతు తక్కువ. గేజి చూపునది స్థానిక పీడనముపైని అదనమే గనుక దానివలన పెద్ద చిక్కు లేదు. కంప్రెసరు తొట్టి నిండుటకు కొంచెము ఎక్కువసేపు ఆడవలసియుండును, అంతే. అసలు చిక్కు ఎత్తువలన గాదు, తేమవలన.

వానకాలపు దినమున గాలి 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 90 శాతము ఆర్ద్రతతో ఉన్నదనుకొందము. 25 డిగ్రీలలో ఒక ఘనమీటరు గాలి గరిష్ఠముగా 23 గ్రాముల నీటి ఆవిరిని భరింపగలదు. ఇప్పుడందులో సుమారు 21 గ్రాములున్నది. ఈ గాలిని కంప్రెసరు గేజిమీద 2 బార్ల వరకు అణచిన, దాని పరిమాణము మూడవ వంతునకును తగ్గును. తిరిగి చల్లారిన ఆ కొద్దిచోటు 7 గ్రాములకు మించి ఆవిరిని భరింపలేదు. మిగిలిన 13 గ్రాములకు పైగా ఆవిరి నీరై దిగును. నిమిషమునకు 20 లీటర్ల గాలి పీల్చు కంప్రెసరు 50 నిమిషములలో ఒక ఘనమీటరు పీల్చును. అనగా గంటలోపల రెండున్నర టీచెంచాల నీరు మన యంత్రములో పుట్టుచున్నది! ఇదే లెక్క శీతకాలమున 10 డిగ్రీల ఉష్ణోగ్రత, 70 శాతము ఆర్ద్రతగల దినమునకు కట్టిన, వచ్చునది 4 గ్రాములకు లోపే. చలికి మంచుకురియు మాఘముకంటె, వెచ్చగా ముసురుపట్టిన శ్రావణమే గాలికుంచెకు గడ్డుకాలము.

ఈ నీరు తొట్టిలోనే యున్న పరవాలేదు. కాని అణగుటచే వేడెక్కిన గాలి ఆవిరిని మోసికొని పోయి, గొట్టములో చల్లారిన పిమ్మట దానిని విడుచును. అప్పుడు రంగుతోబాటు నీటిబొట్లు ఉమిసి నమూనామీద మచ్చలు పడును. కావున జలగ్రాహి ఒకటి కంప్రెసరువద్ద ఉన్నను, రెండవదానిని గాలికుంచెకు దగ్గరగా గొట్టము చివర అమర్చుకొనుట మంచిది. ప్రతిదినము పని ముగియగానే తొట్టి అడుగుమర విప్పి నీటిని దింపవలెను. లేనిచో తొట్టి లోపలినుండి తుప్పుపట్టి, కొన్నేండ్లకు బలహీనమై ప్రమాదమునకు వచ్చును.

మా విద్యార్థి జలగ్రాహిని అమర్చుకొనియే యుండెను. మరి రెక్కలు ఏల తెల్లబారినవి? ఈ నీరు గొట్టమునుండి వచ్చినది కాదు. గదిలోని గాలినుండి వచ్చినది. చేతిమీద స్పిరిటు పోసికొన్న చల్లగా తోచును. ద్రవము ఆవిరియగుటకు కావలసిన ఉష్ణమును తానున్నచోటినుండియే తీసికొనును. లాకర్ థిన్నరు మిక్కిలి త్వరగా ఆవిరియగును గనుక రంగుపొరను చల్లబరచును. 25 డిగ్రీలు, 90 శాతము ఆర్ద్రతగల గాలికి తుషారబిందువు 23 డిగ్రీలు. అనగా రంగుపొర రెండు డిగ్రీలు చల్లబడిన చాలును, గాలిలోని ఆవిరి దానిమీద మంచుగా దిగును. ఆ సూక్ష్మజలకణములు ఆరుచున్న రంగులో చిక్కుకొని, వెలుతురును నలుదిక్కులకు చెదరగొట్టును. మనకది తెలుపుగా కనిపించును. మేఘము తెలుపగుటకును, ఆ రెక్కలు తెల్లబారుటకును కారణమొక్కటియే. గాలిలో ఆర్ద్రత 60 శాతమున్న దినమున తుషారబిందువు 17 డిగ్రీలలోపు ఉండును. అప్పుడు పొర ఎనిమిది డిగ్రీలు చల్లబడవలెను గనుక భయము తక్కువ.

నివారణోపాయములు ఈ కారణమునుండియే దొరకును. ముసురున లాకరు చల్లరాదు. మబ్బు విడిచి ఎండ కాచిన మధ్యాహ్నమువరకు ఆగవలెను. ఆగలేనివారు మెల్లగా ఆరు థిన్నరును వాడవలెను; ఆవిరి నిదానించిన చల్లబడుటయు నిదానించును. గది గాలిని వెచ్చచేయుటయు ఒక ఉపాయము. 25 డిగ్రీల గాలిని, క్రొత్తగా తేమ చేరకుండ, 30 డిగ్రీలకు తెచ్చిన దాని ఆర్ద్రత 90 శాతమునుండి 68 శాతమునకు దిగును. చల్లుటకు ముందు నమూనాను దీపపు బల్బు వెలుగుచున్న పెట్టెలో కొంతసేపు ఉంచి గోరువెచ్చ చేయవచ్చును. అయితే థిన్నరున్న గదిలో కుంపటి, పొయ్యి, కిరసనాయిలు దీపము పెట్టి వెచ్చచేయుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే.

ఊపిరికి కాపలా

ఆ కుర్రవాడు పోవుచు, ఆనాడు తలనొప్పిగాకూడ ఉన్నదని మాటవరసకు అన్నాడు. రెక్కలు తెల్లబారినందుకంటె నాకు ఆ మాటయే ఎక్కువ కలవరము కలిగించినది. వాన లోనికి కొట్టుచున్నదని అతడు కిటికీలు మూసి, ముక్కునకు చేతిగుడ్డ కట్టుకొని రెండుగంటలు చల్లినాడట.

నమూనాకు తగులని రంగు ఎక్కడికి పోవును? గదిలో తేలును. పెద్ద బిందువులు ముక్కులోను గొంతులోను ఆగును. కొద్ది మైక్రానులకు మించని నలుసులు ఊపిరితిత్తుల లోపలివరకు దిగును. ఎక్రిలిక్ రంగులకు వాసన తక్కువ గనుక హాని లేదని కొందరు తలంతురు. అది పొరపాటు, వాసనలేని నలుసుకూడ నలుసే. ఇక ద్రావణుల ఆవిరి నలుసుకాదు, వాయువు. దానిని గుడ్డ ఎన్ని మడతలైనను ఆపలేదు. తలనొప్పి, తల తిరుగుట, మత్తు దాని మొదటి గుర్తులు. బొగ్గుపొడి నింపిన కార్ట్రిడ్జిలు గల, ముఖమునకు సందులేక అతుకు మాస్కు ఒక్కటే దానికి తగిన రక్షణ. కార్ట్రిడ్జిలనుకూడ కాలము ప్రకారము మార్చవలెను.

మాస్కుతోబాటు, రంగుమబ్బును బయటికి పంపు ఏర్పాటు ఉండవలెను. పెద్ద అట్టపెట్టెను ప్రక్కకు పడుకోబెట్టి, వెనుకగోడకు రంధ్రముచేసి, వడపోత గుడ్డ అమర్చి, వెడల్పైన గొట్టముద్వారా ఫ్యానుతో గాలిని కిటికీ వెలుపలికి పోవునట్లు చేసిన చాలును. ఫ్యానులో నిప్పురవ్వ రాలు మోటారు, మండు ఆవిరి పోవు దారిలో ఉండరాదు. అట్టి ఫ్యాను దొరకనివారు లాకరు, ఎనామెల్ జోలికి పోక, నీటి ఎక్రిలిక్‌లతోనే పనిచేయుట క్షేమము. చలికాలమున కిటికీ తెరువ మనసొప్పదు, అయినను తెరువవలెను. చేయు పని చిన్నది, ఊపిరి పెద్దది.

వాడిన థిన్నరును గెడ్డలో పారబోయరాదు. క్రింది ఊరివారు ఆ నీటినే త్రాగుచున్నారు, పశువులును త్రాగుచున్నవి. మూతగల లోహపుడబ్బాలో నిలువచేసిన, రంగు అడుగునకు దిగి పైన తేరిన థిన్నరు పరికరములు కడుగుటకు మరల పనికివచ్చును. మిగిలిన మడ్డిని పట్టణమున ఇట్టి వ్యర్థములను తీసికొనువారికి ఒప్పగించవలెను.

కడుగుటయు, కొనుటయు

గాలికుంచె చెడిపోవుట వాడుటవలన కాదు, కడుగకపోవుటవలన. రంగు మార్చునపుడెల్ల గిన్నెలో థిన్నరు పోసి, తెల్లకాగితముమీద చల్లగా రంగు రానంతవరకు కడుగవలెను. దినము చివర సూదిని వెనుకనుండి మెల్లగా తీసి, మెత్తని గుడ్డతో మొనవైపునకు తుడువవలెను. వంగిన సూది గీత గీయదు, ఉమియును. నాజిల్ ఆవగింజకంటె కొంచెము పెద్ద వస్తువు, క్రిందపడిన దొరకదు. కనుక బల్లమీద తెల్లగుడ్డ పరచి విప్పవలెను.

క్రొత్తగా ఆరంభించు విద్యార్థి చేతిలో డబ్బు తక్కువ. ఏది ముందు కొనవలెనని అడిగినచో నా సలహా ఇది: మొదట మాస్కు, తరువాత తొట్టియు, రెగ్యులేటరును గల కంప్రెసరు, పిదప మధ్యరకపు ద్విక్రియ గాలికుంచె, ఆ పిమ్మట జలగ్రాహి, రంగులు, అంచులు కప్పు సన్నని అంటుడుపట్టీ, నీటికాగితము. ముక్కలు పట్టుకొను పుల్లలకు డబ్బు పెట్టనక్కరలేదు. మన కొండ వెదురును సన్నగా చీల్చి, కొనకు చిన్న క్లిప్పు బిగించిన అంతకు మించిన పిడి లేదు.

మూడు దినములకు ముసురు విడిచినది. ఎండ బాగుగా కాచిన మధ్యాహ్నమున, కిటికీలు తెరచి, మాస్కు ధరించి, ఆ కుర్రవాడు తెల్లబారిన రెక్కలమీద మెల్లగా ఆరు థిన్నరును రంగు కలుపక లీలగా చల్లినాడు. ఆరిన లాకరు తన థిన్నరులో మరల కరుగును. కరగిన పొర తనలో చిక్కిన తేమను విడిచి, తిరిగి నునుపుగా ఆరును. తెలుపు చాలవరకు మాయమైనది. ఎడమరెక్క మొదట కొంచెము మిగిలినది. దానిని అట్లే ఉంచుమన్నాను.

ఈ పరికరములును, రంగులును ఎక్కడో చేయబడి మనకు వచ్చుచున్నవి. వాటివెంట వచ్చు సూచనలు తప్పు కావు. కాని అవి ఎక్కడి గాలినో చూచి వ్రాసినవి. మన గోడకు ఒక ఆర్ద్రతామాపకమును తగిలించుకొని, చల్లుటకు ముందు దానివంక ఒక్కసారి చూచినచో, ఆ సూచనలను మన గాలికి తగినట్లు మనమే దిద్దుకొనగలము. మా ప్రయోగశాలలో గాలికుంచె ప్రక్కన ఇప్పుడొకటి వ్రేలాడుచున్నది. ముల్లు 75 దాటిన దినమున లాకరుసీసా మూత తీయము.